తురుపు లేని ఆట

పలనాటి సీమ పేరు వినగానే మనకు ముందుగా స్ఫురించునది ఒక పందెము. మాచెర్ల, గురజాల రెండు గద్దెలుగా చీలిన 12వ శతాబ్దిని గూర్చి శ్రీనాథుని పేర వెలసిన పలనాటి వీరచరిత్రయు, వీరవిద్యావంతుల గానమును చెప్పు కథ యిది. నలగామరాజు పక్షమున నాయకురాలు నాగమ్మయు, మలిదేవరాజు పక్షమున బ్రహ్మనాయుడును కోడిపందెమునకు దిగిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. బ్రహ్మనాయుని పుంజు ఓడెను. మలిదేవాదులు మాచెర్ల విడిచి వలసపోయిరి. నాడు మొదలైన వైరము కారెంపూడి రణరంగమున గాని ముగియలేదు.

పుంజును ఎన్నుటయందు, పెంచుటయందు నేర్పు లేకపోలేదు. కాని దానిని బరిలోనికి విడిచిన క్షణము నుండి యజమాని చేయదగినదేమియు లేదు. బ్రహ్మనాయుడంతటివాడును చూచుచు నిలువవలసినదే. పేకాటలో ఇందుకు విరుద్ధమైన ఆట యొకటి కలదు. అందు ముక్కలు పంచువరకే అదృష్టము. పంచిన పిమ్మట ఆటగాని పని మొదలగును. అది బ్రిడ్జి. అందును తురుపు లేకుండ ఆడు పాటయందు ఈ భేదము మిక్కిలి స్పష్టముగా కనబడును. దానిని గూర్చియే నేటి మా ప్రసంగము.

తురుపు అనుమాట మనకు క్రొత్తది కాదు. చివరి ఉపాయమును తురుపుముక్క యనుట పేక ముట్టనివారికిని అలవాటే. ఐనను ఈ మాట సముద్రము దాటి వచ్చినట్లు తోచును. డచ్చి భాషలో తురుపును త్రూఫ్ అనియు, కళావరును క్లావర్ అనియు, ఆఠీనును హార్టెన్ అనియు అందురు. ఇస్పేటుకు పోర్చుగీసువారి ఎస్పాద దగ్గరి చుట్టము. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారు మచిలీబందరున వర్తకశాల నెలకొల్పిరి. మన ఇండ్లలో పిల్లలు పలుకు ఈ పేర్లలో ఆ రేవుల వ్యాపారపు జాడ నేటికిని నిలిచియున్నది. అంతకు వేరైన గుండ్రని గంజీఫా ముక్కలను నిర్మల చిత్రకారులు రంగులతో వ్రాసిరి. పేక మన దేశమున కేవలము పరాయి వస్తువు కాదని గ్రహింపవలెను.

బ్రిడ్జికి తల్లి విస్టు ఆట. 1742లో ఎడ్మండ్ హాయిల్ అను ఆంగ్లేయుడు దానిపై చిన్న గ్రంథము ప్రకటించెను. విస్టులో చివర పంచిన ముక్క ఏ రంగో ఆ రంగే తురుపు. ఆటగాని ఇష్టముతో పనిలేదు. 1886లో లండనులో బిరిచ్, లేక రష్యన్ విస్టు అను కరపత్రము వెలువడెను. అందు పంచినవాడు గాని అతని జతగాడు గాని తురుపును ఎన్నుకొనవచ్చును, తురుపే వలదనవచ్చును. ఆ తురుపు లేని పాటకే అందు బిరిచ్ అని పేరు. జతగాని ముక్కలను బల్లపై పరచి, రెండు చేతులను ఒక్కరే ఆడు పద్ధతియు అందు కలదు. ఆ పరచిన చేతినే డమ్మీ యందురు. 20వ శతాబ్ది తొలి యేండ్లలో వేలము పద్ధతి వచ్చి చేరినది. నాల్గవ ఆటగాడు దొరకని మన దేశపు మారుమూల కచ్చేరీ యూరిలో ఆంగ్లోద్యోగులు దానిని కల్పించిరని వాడుక. 1925లో లాస్ ఏంజెల్స్ నుండి పనామా కాలువ మీదుగా హవానాకు పోవు ఫిన్లాండ్ అను ఓడపై హెరాల్డ్ వాండర్‌బిల్ట్ నేటి గణన పద్ధతిని పరీక్షించెను. పాడినంతకే ఫలము, పాడి సాధింపనిచో దండన అను నియమము దాని ప్రాణము.

ఈ గణనలో తురుపు లేని పాటకు ప్రత్యేక స్థానము కలదు. ఆట గెలుచుటకు నూరు కావలెను. తురుపు లేనిచో మొదటి పట్టునకు 40, పిదప ఒక్కొక్కదానికి 30. ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క వేయగా నాలుగు ముక్కలు చేరినది ఒక పట్టు. మొదటి ఆరు పట్లు లెక్కకు రావు గనుక తొమ్మిది పట్లతో నూరు నిండును. ఇస్పేటు, ఆఠీనులకు పది, డైమను, కళావరులకు పదునొకండు కావలెను. దారి దగ్గరిదే గాని కాపు లేని దారి. ప్రత్యర్థి పొడవైన రంగును వరుసగా దించుచున్నప్పుడు చిన్న తురుపుతో అడ్డుకొను వీలులేదు. ఆపదకు ముందే ఆలోచింపనివాడు ఆపదలో చేయునదేమియు లేదు.

పాఠకులు పేక నొకదానిని ముందుంచుకొన్నచో మా మాట తేటపడును. మన చేతిలో ఇస్పేటు ఆసు, 6, 3. ఆఠీను ఆసు, రాజు, 5. డైమను జాకి, 9, 3. కళావరు ఆసు, 9, 7, 6. డమ్మీలో ఇస్పేటు 7, 4. ఆఠీను రాణి, 6, 2. డైమను రాజు, రాణి, 10, 8, 4. కళావరు 8, 5, 3. తొమ్మిది పట్లు సాధింపవలెను. ఎడమచేతివాడు ఇస్పేటు 5 వేసెను. డమ్మీ నుండి ముక్క తీయకముందే ఇచట ఆగవలెను.

మొదటి పని లెక్క. ఇస్పేటు ఒకటి, ఆఠీను మూడు, కళావరు ఒకటి, వెరసి ఐదు పట్లు చేతికి వచ్చినవే. రెండవ పని లోటు నాలుగు ఎచట దొరకునో వెదకుట. డైమనులో ప్రత్యర్థి ఆసును ఒక్కమారు వెడలగొట్టినచో నాలుగును అచటనే లభించును. మూడవ పని అపాయమెచటనో చూచుట. ఇస్పేటులో మనకు ఒక్క ఆసే దిక్కు. దానిని ముందే ఖర్చు పెట్టినచో, డైమను ఆసు పట్టినవాడు ఇస్పేటు త్రిప్పి వేయును. మన పాట కూలును.

ఇచట విస్టు కాలపు లెక్క యొకటి తోడ్పడును. తొలి ముక్క ఆ రంగున పైనుండి నాల్గవదైనచో, దాని అంకెను 11 నుండి తీసివేయగా, మిగిలిన మూడు చేతులలో దానికి మించిన ముక్కలెన్నో తెలియును. దీనిని 19వ శతాబ్ది చివర ఆర్. ఎఫ్. ఫాస్టర్ ప్రచారములోనికి తెచ్చెను. 11లో 5 పోగా 6. డమ్మీలో 7, మన చేత ఆసు, 6, వెరసి మూడు. తక్కిన మూడు కుడిచేతివానివి. కనబడని 2 ఎడమచేతివానిదైనచో అతనికి ఇస్పేట్లు ఐదు, కుడిచేతివానికి మూడు. కాబట్టి కుడిచేతివాడు రాణి వేసినను మనము ఆసు వేయరాదు. రెండవమారును వేయరాదు. మూడవమారు వేసినచో కుడిచేతివాని ఇస్పేట్లు నిండుకొనును. పిమ్మట డైమను ఆసు అతని చేతనున్నను, జతగానికి అందించుటకు ఇస్పేటు లేదు. పోయినవి మూడు పట్లు. మనకు తొమ్మిది దక్కును. మొదటిమారే ఆసు వేసియున్నచో నాలుగు ఇస్పేట్లు, ఒక డైమను, వెరసి ఐదు పోయెడివి.

నాల్గవ పని రాకపోకల దారి. డైమనులో ముందు జాకి, పిదప 9, ఆపైన 3 వేయవలెను. ప్రత్యర్థి తన ఆసును మూడవమారు వరకు దాచినను, డమ్మీలోని డైమనులను చేరుటకు ఆఠీను రాణి మిగిలియుండవలెను. దానిని ముందే వాడినవాడు గెలుపును ఎదుట చూచుచు అందుకొనలేడు. మాచెర్ల నుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో ఎత్తిపోతల కలదు. అచట చంద్రవంక 70 అడుగులు దూకి, మడుగై, కృష్ణలో కలియును. ఆ నీరును, ప్రక్కనే కృష్ణయు తరతరములుగా పారుచుండగనే పలనాటి మెట్టచేలు ఎండుచుండెడివి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న సాగరము కాలువలకు నీరు విడిచిన పిమ్మటనే నీటికిని చేనికిని దారి ఏర్పడినది. డమ్మీలోని పట్లకును దారి కావలెను.

ఎడమచేతివానికి ఇస్పేట్లు ఐదుండి, డైమను ఆసును అతనిదే యైనచో మన యత్నమంతయు వ్యర్థమే. అది మన లోపము కాదు. చేతనైనదంతయు చేసిన పిదప మిగిలినది మాత్రమే అదృష్టమునకు విడువదగినది.

ఈ భేదము మన నేలపై న్యాయస్థానము వరకు పోయినది. 1963లో సికింద్రాబాదున ఒక క్లబ్బులో రమ్మీ ఆడుచున్నవారిని పోలీసులు పట్టుకొనిరి. క్రింది కోర్టు శిక్షింపగా హైకోర్టు విడుదల చేసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పుచు, మూడుముక్కలాట వలె రమ్మీ కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఉంచదగినది, విడువదగినది ఎరుగుట నేర్పేననియు, అందలి అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచునప్పటి అదృష్టము వంటిదేననియు వివరించెను. రమ్మీ జూదమా, కాదా యని తేల్చుటకు బ్రిడ్జియే కొలబద్ద యైనది. ఐనను డబ్బు పందెము వేరు సంగతి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. నేర్పు గల ఆటయు ఇల్లు గుల్ల చేయగలదను అనుభవమే అందుకు కారణము.

బ్రిడ్జికి డబ్బుతో పనిలేదు. 2018లో జకార్తాలో ఆసియా క్రీడలయందు ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అను మన దేశీయులు ఈ ఆటలో జంటగా బంగారు పతకము గెలిచిరి. బర్ధన్ వయసు అప్పటికి అరువది. ఆసక్తిగల పాఠకులు నలుగురు చేరి, పైన చెప్పిన ముక్కలు పంచుకొని, ఒకమారు ఆసును మొదటనే వేసియు, ఒకమారు దాచియు ఆడి చూతురు గాక. ఆ రెంటికి నడుమ తేడా ఒక్క పట్టే. డమ్మీ పరచిన పిమ్మట అరనిముసము ఆగి లెక్కించుటవలన వచ్చిన పట్టు అది.