తిరువయ్యారు: కావేరి ఒడ్డున మన తెలుగు

తంజావూరికి ఉత్తరముగా సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కావేరి ఒడ్డున తిరువయ్యారు కలదు. తమిళమున 'ఐయారు' అనగా ఐదు నదులు. అందుచేతనే మన పెద్దలు దీనిని పంచనద క్షేత్రమనిరి. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగువారమైన మనకు ఇది కేవలము యాత్రాస్థలము కాదు. మన పూర్వుల జాడ దొరకు చోటు.

ముందుగా చూడదగినది పంచనదీశ్వరాలయము. అప్పరు, జ్ఞానసంబంధరు పాడిన స్థలమిది. ఈ ఆవరణలోని ఉత్తర కైలాసమను గుడిని రాజరాజచోళుని రాణి లోకమహాదేవి కట్టించినది. ఆ రాజరాజు కూతురు కుందవ్వను వేంగి చాళుక్యుడు విమలాదిత్యుడు పెండ్లాడెను. వారి కుమారుడే నన్నయభట్టుచే భారతము వ్రాయించిన రాజరాజనరేంద్రుడు. గోదావరికిని కావేరికిని నాడే వియ్యము కుదిరినదన్నమాట!

16, 17 శతాబ్దులలో తంజావూరు నేలిన నాయకరాజుల కొలువున తెలుగు వెలిగినది. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును దానిని విడువలేదు. శాహజీ స్వయముగా తెలుగున యక్షగానములు రచించెను. అట్టి సీమలో కాకర్లవారి యింట 1767లో తిరువారూరున జన్మించిన త్యాగరాజస్వామి, తిరువయ్యారున జీవితము గడిపి 1847లో సిద్ధి పొందెను. ఆయన నివసించిన తిరుమంజన వీథిని, నదీతీరమునందలి సమాధిని తప్పక దర్శింపవలెను.

ఆ సమాధిపై ఆలయము వెలసినది బెంగుళూరు నాగరత్నమ్మగారి పుణ్యమున. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1910లో అచ్చువేయించిన సాహసి ఈమెయే. తాను పాడి గడించిన ధనమును వెచ్చించి 1921లో పని మొదలుపెట్టించి, 1926లో ప్రతిష్ఠ జరిపించినది. ఆరాధనలో స్త్రీలు పాడరాదను కట్టుబాటు ఉన్న ఆ దినములలో స్త్రీలను వేరుగా కూర్చి పాడించినది. 1952లో కన్నుమూసిన ఆమె సమాధియు స్వామి సన్నిధికి చేరువనే యున్నది.

పుష్య బహుళ పంచమినాడు ఇచట గాయకులందరు ఒక్క గొంతుకతో పంచరత్న కీర్తనలు పాడుదురు. ఆ ఐదింటిలో ఒకటి సంస్కృతము, నాలుగు తెలుగు. పాడువారిలో పలువురి యింటిభాష తమిళమో, కన్నడమో, మలయాళమో. వారు మన మాటలను తమ లిపిలో వ్రాసికొని, గురుముఖమున నేర్చి, తరతరములుగా కాపాడుచున్నారు.

మన సంగతియో? ఇంట తెలుగు మాటాడు మన పిల్లలలో ఎందరో అదే కీర్తనను పరాయి అక్షరములలోనే చదువుకొనుచున్నారు. పాటను ఇతరులు నిలిపిరి. అక్షరమును నిలుపుట మనవంతు. ఈ ఉగాదినుండి ఇంటింట పెద్దలు ఒక్క కీర్తనకు అర్థము చెప్పి, దానిని తెలుగు అక్షరములలో పిల్లలచే వ్రాయింతురు గాక. ఆ కాగితము చేతబట్టుకొని తిరువయ్యారు వెళ్లిన బిడ్డకు, అచట వినబడు పాట తన యింటి మాటయని ఎవరును చెప్పనక్కరలేదు.