సుదూర సైకిల్ పందేలు

రహదారుల మీద ఊరి నుంచి ఊరికి వందల కిలోమీటర్లు సాగే సైకిల్ పోటీలు ఇవి. ఒక్కరోజులో ముగిసేవి కొన్ని, దశలవారీగా వారాల తరబడి నడిచేవి మరికొన్ని. వృత్తి క్రీడగా వీటికి ఐరోపా పుట్టినిల్లు.

తొలినాళ్లు: 1869 నవంబరు 7న పారిస్ నుంచి రువాన్ వరకు 123 కి.మీ. పందెం జరిగింది. జేమ్స్ మూర్ సుమారు పదిన్నర గంటల్లో గెలిచాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక దూరాలు పెరిగాయి. 1891లో ఒక ఫ్రెంచి దినపత్రిక పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం పెట్టింది. దాదాపు 1,200 కి.మీ. దూరాన్ని షార్ల్ టెరాన్ కునుకైనా తీయకుండా 71 గంటల 22 నిమిషాల్లో పూర్తి చేశాడు. ఈ క్రీడలో ఇది మహత్తర ఘట్టం.

టూర్ డి ఫ్రాన్స్: 1903 జూలై 1న మొదలైంది. అమ్మకాలు పెంచుకోవడానికి 'లోటో' పత్రిక తలపెట్టిన పందెం ఇది. సంపాదకుడు ఆన్రీ డెగ్రాంజ్. ఆరు దశల్లో 2,428 కి.మీ.; 60 మంది బయలుదేరితే 21 మంది గమ్యం చేరారు. మారిస్ గారెన్ విజేత. 1910లో పిరనీస్ పర్వతాలు మార్గంలో చేరాయి.

సైకిల్ చెడితే ఇతరుల సాయం లేకుండా బాగుచేసుకోవాలన్నది అప్పటి నియమం. 1913లో టూర్మలే కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్టోఫ్ సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. సైకిల్‌ను భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కమ్మరి కొలిమి చేరాడు. తానే ఇనుము కాల్చి అతికాడు. కొలిమితిత్తి ఊదింది ఒక కుర్రాడు. అదీ పరసాయమేనని అధికారులు క్రిస్టోఫ్‌కు సమయపు జరిమానా వేశారు. గెలిచే అవకాశం పోయినా పందెం మాత్రం వదల్లేదు. పందెంలో ముందున్నవాడికి ఇచ్చేందుకు 1919లో ప్రవేశపెట్టిన పసుపు జెర్సీని మొదట ధరించిన ఘనత ఆయనదే.

తరువాతి కాలం: ఇటలీలో 1909లో, స్పెయిన్‌లో 1935లో ఇలాంటి పందేలు వెలిశాయి. బెల్జియానికి చెందిన ఎడీ మెర్క్స్ 1969–74 మధ్య ఐదుసార్లు టూర్ గెలిచాడు. నిషేధిత ఉత్ప్రేరకాల మచ్చ కూడా ఈ క్రీడకు ఉంది. వాటిని వాడినందుకే 2012లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ విజయాలను రద్దు చేశారు.

ఆకర్షణ: చూసేవారికి టికెట్టు లేదు, పందెమే గడప ముందుకు వస్తుంది. ఇక పందెంలో ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే నాయకుడిని గెలిపించడానికి సహచరులు రోజంతా గాలికి ఎదురొడ్డి తొక్కుతారు. గెలుపు ఒకరిదైనా కష్టం జట్టుది. ఇదే ఈ క్రీడకున్న అసలైన అందం.

భారత్, తెలుగు నేల: అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరానికి దాటే సుమారు 4,800 కి.మీ. 'రేస్ అక్రాస్ అమెరికా'ను ఒంటరిగా పూర్తిచేసిన తొలి భారతీయులు 2017లో శ్రీనివాస్ గోకుల్‌నాథ్, అమిత్ సమర్థ్. వీరిలో సమర్థ్‌ది నాగపూర్. తెలంగాణలో హైదరాబాద్ రాండనర్స్ సంస్థ 200, 300, 400, 600 కి.మీ. 'బ్రెవే' యాత్రలు నిర్వహిస్తుంది. ఇవి పందేలు కావు, గడువులోగా ముగిస్తే చాలు. 200 కి.మీ.కు గడువు 13 గంటల 30 నిమిషాలు. హైదరాబాద్ నుంచి బాసర సరస్వతీ క్షేత్రానికి ఉన్న దూరం దాదాపు అంతే.