ఆమె పేరు రాయను

ఆమె పేరు ఆనాడు పత్రికలన్నిట్లో వచ్చింది. నేను రాయను. బాధితురాలి పేరు అచ్చువేయడం నేరమని 1983లో చట్టమొచ్చింది. ఆ చట్టం రావడానికి ఆమె కూడా ఒక కారణం.

1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో పోలీసులు ఆమెను చెరిచారని, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. నగరం భగ్గుమంది. కాల్పులు, కర్ఫ్యూ. కమిషన్ ముందు పోలీసుల తరఫు వకీళ్లు అడిగిందేమిటి? ఆమెకెన్ని నికాలు, తలాక్ చెల్లిందా, చాల్‌చలన్ ఎలాంటిది అని! కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

మహారాష్ట్ర ఆదివాసీ బాలిక కేసులోనూ 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దేశమంతటా స్త్రీలు వీధికెక్కాకే 1983 సవరణ వచ్చింది. కస్టడీలో అత్యాచారానికి కనీసం 10 ఏళ్ల శిక్ష పెట్టారు. అక్కడ తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే, కాదని రుజువు చేసే బరువు నిందితుడి మీద పడింది. కానీ ఆమె నడవడిని కోర్టులో తవ్వే వీలు మాత్రం సాక్ష్య చట్టంలో 2003 దాకా ఉండిపోయింది.

పోలీసులు ఆమెను చెడిందన్నారు. మనవాళ్లు కౌమ్ ఇజ్జత్ పోయిందన్నారు. ఆమె అడిగింది ఇన్సాఫ్. చట్టం మారింది, ఆమెకు మాత్రం అది దక్కలేదు.