మూడు నదుల ఉక్కు ఊరు

జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన అంటే ఇప్పుడెవరూ పెద్దగా తలెత్తి చూడరు. 2007లో బ్రహ్మణి పేరుతో ఒకసారి జరిగింది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఇంకోసారి, ఏడాది తిరిగేసరికి సున్నపురాళ్లపల్లెలో మరోసారి, 2023 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఊళ్లో. మధ్యలో 2014 విభజన చట్టంలోనూ మన జిల్లా ఉక్కు మాట ఉంది. పదహారేళ్లలో నాలుగు పునాదిరాళ్లు పడ్డాయి గానీ కొలిమి ఒక్కటీ వెలగలేదు. అందుకే అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరే మన సీమవాళ్లకు నేనొక ఊరి పేరు చెబుతుంటాను: పిట్స్‌బర్గ్. ఉక్కు వస్తే ఊరు ఏమవుతుందో, అది పోతే ఏమవుతుందో రెండూ అక్కడ కళ్లారా చూడొచ్చు.

ఏరూ కొండా కలిసే చోటు ఎట్లుంటుందో చక్రాయపేట మండలం వాళ్లకు చెప్పనక్కర్లేదు. గండి దగ్గర పాపాఘ్ని కొండల మధ్య దారి చేసుకుని పారుతుంది. వీరాంజనేయుడు ఆ ఒడ్డునే కొలువున్నాడు. అదే ఏరు కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పిట్స్‌బర్గ్‌లో ఉత్తరాన్నుంచి అలెగేనీ, దక్షిణాన్నుంచి మొనాంగహేలా వచ్చి కలిసి ఒహాయో నదిగా సాగిపోతాయి. అక్కడి నదుల మీద బొగ్గు పడవలు తిరుగుతాయి, మన ఏళ్లలో ఎక్కువ రోజులు ఇసుక బండ్లు తిరుగుతాయి.

ఆ సంగమం చేతిలో ఉంటే పడమటి దారంతా చేతిలో ఉన్నట్టే. అందుకే 1754లో ఫ్రెంచివాళ్లు అక్కడ కోట కట్టారు. 1758 నవంబరులో జనరల్ ఫోర్బ్స్ ఇంగ్లీషు సైన్యంతో మీదికి వస్తుంటే, తమ కోటకు తామే నిప్పు పెట్టి వెళ్లిపోయారు. ఫోర్బ్స్ ఆ చోటికి లండన్‌లో చక్రం తిప్పుతున్న మంత్రి విలియం పిట్ పేరు పెట్టాడు. ఆ మరుసటి నెలే మన పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించారు. రెండుచోట్లా నడిచింది ఒకే ఏడేళ్ల యుద్ధం. చందుర్తి మన పాఠాల్లో ఒక పంక్తితో సరి. అక్కడ మాత్రం 1764 నాటి చిన్న ఇటుక బురుజును నేటికీ కాపాడుకుని, దాని చుట్టూ పార్కు కట్టుకున్నారు. పార్కు కొసన, సరిగ్గా నదులు కలిసే మూల మీద, పెద్ద ఫౌంటెన్ ఉంది. దానికి నీళ్లు నదులవి కావు, భూమి అడుగున పారే జలం. మనవాళ్లకు ప్రయాగలోని అంతర్వాహిని సరస్వతి గుర్తుకు రాకుండా ఉంటుందా!

లోహం కరిగించే ఆలోచనలో పెన్న ఒడ్డు పిట్స్‌బర్గ్ కంటే వందేళ్లు ముందుంది. 1652లో వజ్రాల వ్యాపారి టావెర్నియర్ గండికోటకు వచ్చి నవాబు మీర్ జుమ్లాను కలిశాడు. గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి ఫిరంగులు పోతపోయమని నవాబు ఒక ఫ్రెంచి పనివాడికి అప్పజెప్పిన సంగతి ఆయనే రాశాడు. చివరికి ఒకటి పగిలింది, ఒకటి సగంలో ఆగింది, పనివాడు కొలువొదిలి పోయాడు. మన జిల్లాలో కొలిమి కథలకు ఇది పాత అలవాటే అన్నమాట!

పిట్స్‌బర్గ్ కొలిమి మాత్రం వెలిగింది. ఊరి పక్క కొండ నిండా బొగ్గు, గడప ముందు నది. స్కాట్లండ్ నేతగాడి కొడుకు ఆండ్రూ కార్నెగీ 1875లో బ్రాడక్‌లో పెట్టిన మిల్లు ఇప్పటికీ నడుస్తోంది. ఉక్కుతో డబ్బొచ్చింది, పొగా వచ్చింది. 1940ల దాకా పట్టపగలు వీధిదీపాలు వెలిగించుకున్న రోజులున్నాయి. 1892 జులై 6న కార్నెగీదే అయిన హోమ్‌స్టెడ్ మిల్లు కార్మికుల మీదికి కంపెనీ మూడొందల మంది ప్రైవేటు సాయుధులను రాత్రికి రాత్రి పడవల్లో దించబోయింది. ఏటిగట్టు మీద తుపాకులు పేలాయి, రెండువైపులా కలిపి పదిమంది దాకా చచ్చిపోయారు. తరవాత సర్కారు సైన్యం దిగింది, కార్మిక సంఘం నడుం విరిగింది. కార్నెగీ ఆ రోజుల్లో స్కాట్లండ్‌లో ఉన్నాడు. ఊరూరా గ్రంథాలయాలు కట్టించిన ఆ దాత ఖాతాలోంచి ఈ లెక్క కొట్టేయడం నాకు నచ్చదు.

1986లో హోమ్‌స్టెడ్ మూతపడింది. ఇప్పుడక్కడ షాపింగ్ మాల్ ఉంది, పక్కనే పన్నెండు పొగగొట్టాలు వరసగా నిలబడి ఉన్నాయి. 1950లో 6,76,806 మంది ఉన్న పిట్స్‌బర్గ్ నగరంలో 2020 నాటికి మిగిలింది 3,02,971.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది డ్యూకేన్ ఇంక్లైన్. కొండమీద ఇళ్లు, కింద ఏటిగట్టున ఫ్యాక్టరీలు. కార్మికులు ఎక్కి దిగడానికి 1877లో వేసిన వాలు రైలు అది. రెండే పెట్టెలు, ఇనుప తాళ్లకు కట్టి ఉంటాయి. దిగేదాని బరువు ఎక్కేదానికి సాయం. పైస్టేషన్‌లో యంత్రం గదిలోకి తొంగిచూస్తే పెద్ద పళ్లచక్రం కనిపిస్తుంది. దాని పళ్లు ఉక్కువి కావు, కొయ్యవి. 1962లో కంపెనీ దీన్ని మూసేస్తే కొండమీది జనం తలా కొంత చందా వేసుకుని మరుసటేడే నడిపించుకున్నారు.

ఉక్కు పోయాక ఊరిని నిలబెట్టినవి ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు. జోనస్ సాల్క్ పోలియో టీకా తయారుచేసింది ఇక్కడే. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1969లో కార్నెగీ మెలన్‌లో చేరి, 1979లో అక్కడి రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరయ్యాడు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. పల్లెపిల్లల కోసం 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు వాటిని నడిపే విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలరూ ఆయనే. అందులో ఒకటి గండికి కూతవేటు దూరంలో ఇడుపులపాయలో ఉంది. పిట్స్‌బర్గ్ నుంచి మన జిల్లాకు ఇప్పటిదాకా అందిన మేలు ఏదంటే, నేను దీన్నే చెబుతాను.

మనవాళ్లు ఆ ఊరికి పోయేది ఎక్కువగా వేంకటేశ్వరుడి కోసం. టీటీడీ సాయంతో 1976-77లో పెన్‌హిల్స్ గుట్ట మీద కట్టిన తెల్లటి గుడి అది. అమెరికాలో సంప్రదాయ పద్ధతిలో లేచిన తొలి ఆలయాల్లో ఒకటి. దర్శనం చేసుకుని, పులిహోర, పెరుగన్నం తిని చాలామంది నయాగరాకు కారు తిప్పుతారు. అట్లా చేయకండి. గుడి నుంచి నగరం నడిబొడ్డుకు అరగంట కూడా పట్టదు. పొద్దు గుంకకముందే ఇంక్లైన్ ఎక్కి పైనుంచి నదుల్నీ వంతెనల్నీ చూడండి. మర్నాడు పొద్దున హోమ్‌స్టెడ్ పొగగొట్టాల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి 1892 కథ చెప్పండి.