లెక్కకు ఎక్కిన అల్లిక: నరసాపురం లేసు నమూనాల చరిత్ర

అల్లికలో నమూనా అంటే ఒక పువ్వునో అంచునో బల్లగుడ్డనో మరొకరు అచ్చంగా అలాగే అల్లుకోగలిగేలా కుట్ల సంఖ్యనూ వరుసల క్రమాన్నీ నమోదు చేసిన పాఠం. కొక్కెం ఉన్న సూదితో దారాన్ని ఉచ్చుగా లాగి, ఆ ఉచ్చులోంచి మరో ఉచ్చు తీస్తూ సాగే క్రోషే పనికి ఐరోపాలో 19వ శతాబ్దం తొలి భాగంలోనే అచ్చు నమూనాలు వచ్చాయి. 1823లో ‘పెనెలోపే’ అనే డచ్చి పత్రిక ప్రకటించినవాటిని వీటిలో తొలివిగా సాధారణంగా పేర్కొంటారు. 1840ల నుంచి లండన్‌లో ఎలియనోర్ రియేగో ద లా బ్రాంషార్దియేర్ పదుల సంఖ్యలో నమూనా పుస్తకాలు వెలువరించింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1844 ప్రాంతంలో, స్కాట్లాండ్‌కు చెందిన మెక్రే దంపతులు గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఉన్న నరసాపురంలో స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు.

అయితే ఈ సీమలో ఆ విద్య పుస్తకం ద్వారా కాక, తల్లి చేతిని చూసి కూతురు, అత్త చేతిని చూసి కోడలు పట్టుకోవడం ద్వారానే ప్రధానంగా వ్యాపించింది. 20వ శతాబ్దంలో లేసు ఎగుమతి సరుకుగా మారాక వ్యాపారి పంపిన దారాన్ని ఏజెంటు ఇంటింటికీ చేర్చడం, అల్లిన ముక్కలను తీసుకుపోవడం, చేసిన పనిని బట్టి కూలి కట్టడం స్థిరపడ్డాయి. 1970ల చివర ఈ ప్రాంతంలో పరిశోధన చేసి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే గ్రంథం వెలువరించిన మరియా మీస్, ఆ స్త్రీలను గృహిణులుగానే లెక్కించి వారి శ్రమను తీరిక వేళ వ్యాపకంగా చూడటం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని వాదించింది. విడి భాగాలను అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది కావడంతో, పువ్వు అల్లిన మనిషికి ఆ పువ్వు చేరిన దుప్పటి మొత్తం ఎలా ఉంటుందో తెలియవలసిన అవసరమే లేకపోయింది. కొత్త అంచు ఎవరి ఆలోచనలో పుట్టినా, అది సరుకుతోపాటు ఊరు దాటిపోయేది తప్ప, పుట్టించిన మనిషి పేరు దానివెంట నిలిచేది కాదు.

నేతలో పరిస్థితి వేరు. బెంగళూరు శివార్లలో, పట్టు మగ్గాలకు పేరుపడి తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్న ఆనేకల్ వంటి పట్టణాల నేతకు జకార్డు పద్ధతి తెలిసినదే. అందులో చీర అంచును ముందుగా గళ్ళ కాగితంపై గీస్తారు. ఒక్కో గడి ఒక పడుగు పోగూ ఒక పేక పోగూ కలిసే చోటును సూచిస్తుంది. ఆ గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తే, ఏ పోగు పైకి లేవాలో రంధ్రమే నిర్ణయిస్తుంది. గీసిన మనిషి లేకపోయినా అట్టలు ఉన్నంతకాలం ఆ అంచును మళ్ళీ నేయవచ్చు. ఇదే గళ్ళ కాగితం లేసుకూ పనికొస్తుంది. వలలాంటి ఫిలే అల్లికలో ఖాళీ గడి, నిండు గడి అనే రెండే గుర్తులతో నెమలినైనా అక్షరాన్నైనా గీసి చూపవచ్చు.

గుండ్రని పనికి మాత్రం మాటల్లో రాసిన వరుసలు కావాలి. సూదికి దారం ఒకసారి చుట్టి లాగే పొడవాటి కుట్టును ‘పొ’ అని గుర్తిస్తే, బల్లగుడ్డ నడిమి చక్రాన్ని ఇలా రాయవచ్చు:

చుట్టు 1: 5 గొలుసు కుట్లతో వలయం కట్టి, అందులో 12 పొ.
చుట్టు 2: ప్రతి కుట్టులో 2 పొ. మొత్తం 24.
చుట్టు 3: ఒక కుట్టులో 1 పొ, పక్క కుట్టులో 2 పొ, ఇలా 12 సార్లు. మొత్తం 36.

చుట్టుకు 12 కుట్లు పెరిగితే చక్రం చదునుగా పరుచుకుంటుంది. పెరుగుదల బాగా తగ్గితే గిన్నెలా లేస్తుంది, మితిమీరితే అంచు కుచ్చులు పడుతుంది. ప్రతి వరుస చివర మొత్తం రాయడం అందుకే అవసరం, దానివల్ల అల్లేవారు తప్పును అక్కడికక్కడే పట్టుకోగలుగుతారు. దారం మందం, సూది కొలత, 10 సెంటీమీటర్లకు పట్టే కుట్లు, వాడిన గుర్తుల అర్థం మొదట్లోనే చెప్పి, ఆ పాఠాన్ని ఇంకొకరి చేత అల్లించి చూశాకే నమూనా పూర్తయినట్టు.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది ప్రాంతం పేరును కాపాడే ఉమ్మడి హక్కు. ఒక అంచును ఊహించిన స్త్రీకి విడిగా దక్కవలసిన గౌరవం దానివల్ల నెరవేరదు. కుట్టు పద్ధతి అందరిదీ అయినా, సొంతంగా రాసిన పాఠానికీ గీసిన పటానికీ 1957 నాటి కాపీరైటు చట్టం కర్త హక్కును గుర్తిస్తుంది. కాబట్టి ఇప్పటికీ చేతుల్లోనే ఉన్న నమూనాలను తెలుగులో వరుసలుగా రాసి, అల్లిన వారి పేరూ ఊరూ సంవత్సరమూ చేర్చి భద్రపరచడం అత్యవసరమైన పని. దానితోనే ఇంతకాలం కూలి లెక్కల్లో మాత్రమే కనిపించిన ఆ స్త్రీలు కర్తలుగా చరిత్రలోకి వస్తారు.