మొక్కై వంగనిది మానై వంగునా?
(నేర్చుకోవడం గురించి జరిగిన పరిశోధనల కథ)

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతను మన పెద్దలు పిల్లల పెంపకం గురించి చెప్పారు. మంచి అలవాట్లు చిన్ననాడే నేర్పాలన్నది దాని తాత్పర్యం. కాని పదవీ విరమణ చేశాక మనలో చాలామంది ఆ సామెతను మనకే అన్వయించుకుంటున్నాం. సెల్‌ఫోను మనవడి చేతికిస్తాం, బ్యాంకు లావాదేవీ కొడుక్కి అప్పగిస్తాం. 2014 నవంబరులో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చి, మనం బతికే ఉన్నామని వేలిముద్రతో నిరూపించుకునే వీలు కలిగినా, “ఈ వయసులో మాకెందుకొస్తుందండీ” అని ఇంకొకరి సాయం కోసం ఎదురుచూస్తాం. రహస్య సంఖ్యను పరాయివాడికి చెప్పి, కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకున్నవారి వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కనుక మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఏ వయసు దాకా నేర్చుకోగలడు అన్నది మనకు కేవలం కాలక్షేప విషయం కాదు. దీనిపై జరిగిన కృషిని క్లుప్తంగా మనవి చేస్తాను.

వీధిబడి నుంచి లండను దాకా

ఈ కథలో మన ప్రాంతానికీ చిన్న పాత్ర ఉంది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర శరణాలయం బాధ్యత ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు చేపట్టాడు. ఒకనాడు దేశీయ వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతుండగా చూశాడు. అదే పద్ధతి తన బడిలో ప్రవేశపెట్టబోతే ఉపాధ్యాయులు సహకరించలేదు. అందుచేత పెద్ద పిల్లల చేతనే చిన్నవారికి చెప్పించాడు. 1797లో లండనులో దీనిని పుస్తకంగా ప్రచురించాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరు పొందింది. అయితే బెల్‌ది చూసి గ్రహించిన అనుభవమే గాని, కొలిచి తేల్చిన శాస్త్రం కాదు.

మరుపును కొలిచిన మనిషి

కొలవడం మొదలుపెట్టినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన ప్రయోగశాలలో ప్రయోగకర్తా ఆయనే, విద్యార్థీ ఆయనే. తెలిసిన మాటలైతే పాత జ్ఞాపకాలు తోడవుతాయని, అర్థం లేని అక్షర గుచ్ఛాలు సుమారు 2,300 తయారుచేసుకొని వాటిని వరుసలుగా బట్టీ పట్టాడు. కొంత వ్యవధి తరువాత అదే వరుసను మళ్లీ నేర్చుకొని, మొదటిసారి పడిన శ్రమలో ఎంత ఆదా అయిందో లెక్క వేశాడు. 20 నిమిషాల తరువాత ఆదా నూటికి 58 పాళ్లు. గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25. నెల గడిచినా 21 పాళ్లు మిగిలే ఉంది. అంటే మరుపు మొదటి గంటల్లో వేగంగా వచ్చి, ఆ తరువాత నెమ్మదిస్తుంది. ఈ ఫలితాలను 1885లో గ్రంథంగా వెలువరించాడు.

అదే గ్రంథంలో మనకు మరింత ఉపయోగపడే మాట ఒకటి ఉంది. ఒక వరుసను ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే మర్నాడు ఎంత ఫలం కనిపించిందో, మూడు రోజుల మీద విడివిడిగా 38 సార్లు వల్లెవేసినా అంతే ఫలం కనిపించింది. ఎడమిచ్చి చదివితే శ్రమ దాదాపు సగానికి తగ్గిందన్నమాట. బైరన్ రాసిన ‘డాన్ జువాన్’ కావ్యంలో తాను కంఠస్థం చేసి మరిచిన భాగాలను 22 ఏళ్ల తరువాత ఆయన మళ్లీ నేర్చుకొని చూశాడు. గుర్తు లేవనుకున్నవి కూడా కొత్త పద్యాల కంటే తేలికగా వచ్చాయి.

తంతి గుమాస్తాల పాఠం

మనలో తంతి శాఖలో పనిచేసిన మిత్రులకు ఈ భాగం నచ్చుతుంది. అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు, మోర్స్ సంకేతాలు నేర్చుకుంటున్నవారిని వారం వారం పరీక్షించి 1897, 1899 సంవత్సరాలలో వ్యాసాలు ప్రచురించారు. హార్టర్ స్వయంగా తంతి పని చేసినవాడే. వార్త పంపడం త్వరగా పట్టుబడింది. వార్త అందుకోవడం మాత్రం కొంతదాకా పెరిగి, వారాల తరబడి అక్కడే ఆగిపోయి, హఠాత్తుగా మళ్లీ పెరిగింది. మొదట అక్షరాన్ని, తరువాత మాటను, చివరకు పదబంధాన్ని ఒక్క చప్పుడుగా చెవి పట్టుకుంటుందని, ఆగిపోయినట్లు కనిపించిన కాలంలో లోపల ఆ అల్లిక జరుగుతోందని వారు వివరించారు. ఆ ఆగిపోవడం అందరిలోనూ కనబడదని తరువాతి పరిశోధకులు తేల్చారు. అయినా చిన్న ముక్కలు కలిసి పెద్ద ముక్కలవుతాయన్న భావన నిలబడింది. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది గాని, తంతి గుమాస్తాలు శాస్త్రానికి చెప్పిన పాఠం ముగియలేదు.

బ్రిటిష్ తపాలా శాఖ కూడా ఇటువంటి పాఠమే చెప్పింది. పోస్టుకోడ్‌తో ఉత్తరాలు వేరుచేసే యంత్రాల కోసం 72 మంది పోస్టుమన్‌లకు టైపు నేర్పుతూ బాడ్లీ, లాంగ్‌మన్ అనే శాస్త్రవేత్తలు వారిని నాలుగు జట్లుగా విడదీశారు. రోజుకు ఒక్క గంట నేర్చినవారికి కీబోర్డు సుమారు 35 గంటల్లో వచ్చింది. రోజుకు రెండేసి గంటల చొప్పున రెండు పూటలు కూర్చున్నవారికి దాదాపు 50 గంటలు పట్టింది. 1978లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో ఒక విచిత్రం ఉంది. అందరికంటే తక్కువ గంటల్లో నేర్చిన ఒంటిగంట జట్టే తమ శిక్షణ పట్ల ఎక్కువ అసంతృప్తి చూపింది. రోజులు ఎక్కువ పట్టాయి గనుక తాము వెనుకబడ్డామనుకున్నారు!

అప్పజెప్పడంలోని మహిమ

మన చిన్నప్పుడు పంతులుగారు పాఠం చదివించి ఊరుకునేవారు కాదు, పుస్తకం మూయించి అప్పజెప్పించుకునేవారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ దీని విలువను పరీక్షించారు. ఒక జట్టు విద్యార్థులు పాఠం నాలుగు విడతలు చదివారు. మరొక జట్టు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా రాశారు. అయిదు నిమిషాల తరువాత చదివినవారే మెరుగు, 83 శాతానికి 71. కాని వారం గడిచేసరికి లెక్క తిరగబడింది. చదివినవారికి 40 శాతం, అప్పజెప్పినవారికి 61 శాతం గుర్తున్నది.

ఇక వయసు మాట

పాతికేళ్లు దాటినవాడు కొత్త భావాలు నేర్వడం అరుదని 19వ శతాబ్దపు పండితులే భావించేవారు. 1928లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన థార్న్‌డైక్ దీనిని పరీక్షకు పెట్టి, 25 నుంచి 45 ఏళ్లవారు ఇరవై ఏళ్లవారితో దాదాపు సమానంగా నేర్చుకోగలరని ప్రకటించాడు. అంతకు పైబడినవారి సంగతి? 1956లో వార్నర్ షాయీ అమెరికాలోని సియాటిల్‌లో ఒక అధ్యయనం ప్రారంభించి, ఏడేళ్లకొకసారి అదే మనుషులను మళ్లీ పరీక్షిస్తూ వచ్చాడు. తాతను మనవడితో పోల్చితే ఇద్దరి చదువుల తేడా కూడా వయసు ఖాతాలో పడుతుంది. తాతను నిన్నటి తాతతోనే పోల్చాలి. అలా పోల్చినప్పుడు చాలా శక్తులు అరవై దాకా పెద్దగా తగ్గలేదు. 1986లో ఆయన, షెర్రీ విల్లిస్ కలిసి 64 ఏళ్లు దాటిన 229 మందికి అయిదేసి గంటల శిక్షణ ఇచ్చారు. మూడింట రెండు వంతుల మంది మెరుగుపడ్డారు. శక్తి తగ్గినవారిలో సుమారు 40 శాతం మంది 14 ఏళ్ల నాటి స్థాయికి తిరిగి వచ్చారు.

నిజం దాచనక్కరలేదు. వయసుతో వేగం తగ్గుతుంది. ఒకసారి చెబితే వచ్చేది మూడుసార్లు చెబితే గాని రాకపోవచ్చు. తెలిసిన దారి, తెలిసిన పేర్లు మరిచిపోతుంటే మాత్రం అది వైద్యునికి చూపవలసిన విషయం. కాని తగ్గిన వేగాన్ని ఆగిపోయిన బుద్ధిగా భావించడం మనకు మనమే చేసుకునే అన్యాయం.

ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసినవి మూడు. ఏదైనా ఒక్క పూటలో నేర్వాలనుకోక రోజుకు కొంచెం నేర్చుకుందాం. మనవడు ఫోనులో చేసి చూపించాక, మర్నాడు అతని సాయం లేకుండా మనమే చేసి అప్పజెబుదాం. వచ్చిన దానిని తోటి పింఛనుదారుకు నేర్పుదాం. పిల్లలకు కూడా ఒక విన్నపం: మీ అమ్మానాన్నల చేతిలోంచి ఫోను లాక్కొని పని ముగించకండి. మీకు ఓనమాలు దిద్దించిన రోజుల్లో వారు మీ చేతిలోంచి పలక లాక్కోలేదు.