పాస్తా సాస్: సీసా కొనే పనిలేదు.. టమాటా, పల్లీ నూనెతో ఇంట్లోనే ఇలా చేసేయండి!

పిల్లలు పాస్తా అడగ్గానే చాలా ఇళ్లలో సూపర్ మార్కెట్ సాస్ సీసా కొనేస్తారు. లేదంటే కెచప్ పోసి కలిపేస్తారు. కెచప్‌లో చక్కెర, వెనిగర్ ఎక్కువ కాబట్టి ఇటలీ ఇళ్లలో వండే రుచి రమ్మన్నా రాదు. అసలు సాస్‌కు కావాల్సింది టమాటా, నూనె, వెల్లుల్లి, ఉప్పు మాత్రమే. నల్గొండ, మహబూబ్‌నగర్ రైతు బజార్‌కు వెళ్తే టమాటా, వెల్లుల్లి సంచిలో పడిపోతాయి.

టమాటా ఇటలీ సొంత పంటేమీ కాదు. అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో యూరప్‌కు చేరింది. మన పచ్చడిలోకి వచ్చినట్టే వాళ్ల సాస్‌లోకీ తర్వాతే వచ్చింది.

అసలు కిటుకు టమాటా ఎంపికలోనే ఉంది. ఇటలీలో సాస్‌కు వాడే కోల టమాటాల్లో కండ ఎక్కువ, గింజలు తక్కువ. మన నాటు టమాటాలో పులుపు, రసం ఎక్కువ. హైబ్రిడ్‌లో కండ ఉన్నా రుచి తక్కువ. అందుకే రెండూ సగం సగం తీసుకుంటే బాగుంటుంది. బాగా పండి ఎర్రబడినవే ఏరుకోవాలి.

నలుగురికి కిలో టమాటాలు సరిపోతాయి. అడుగున గాటు పెట్టి ఒక నిమిషం మరిగే నీళ్లలో వేసి తీస్తే తొక్క ఊడి వస్తుంది. గింజలు కొంత తీసేయాలి. మిక్సీలో వేయొద్దు. నురగ వచ్చి రంగు పాలిపోతుంది, గింజలు నలిగితే చేదు వస్తుంది. పప్పుగుత్తితో మెదిపితే చాలు.

ఆలివ్ నూనె ఖరీదు అనుకుంటే పల్లీ నూనె వాడొచ్చు. పాలమూరు వైపు పల్లీ పంటకు కొదవేం లేదు. రుచి కాస్త మారుతుంది, అంతే. మందపాటి స్టీలు గిన్నెలో 4 చెంచాల నూనె వేడిచేసి, 5 వెల్లుల్లి రెబ్బలు సన్నమంటపై వేయించాలి. మాడితే సాస్ మొత్తం చేదే. టమాటా, ఉప్పు వేసి మూత లేకుండా 40 నిమిషాలు ఉడికించాలి. అల్యూమినియం గిన్నె వద్దు. టమాటా పులుపు దానితో కలిసి రుచి చెడుతుంది. నూనె పైకి తేలిందంటే సాస్ అయిపోయినట్టే. టమాటా పచ్చడి చేసేవాళ్లకు ఈ గుర్తు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంకా పుల్లగా ఉంటే చిటికెడు బెల్లం వేస్తే సరి.

తులసి ఆకు మాత్రం వేయకండి. ఇటలీ వాళ్లు వేసే బేసిల్ వేరు, మన తులసి ఘాటు వేరు. పిజ్జాతో వచ్చి డబ్బాలో మూలుగుతున్న ఒరెగానో పొట్లాలుంటే వాటికి ఇదే మోక్షం.

300 గ్రాముల పాస్తాను 3 లీటర్ల ఉప్పునీళ్లలో ఉడికించి, వార్చే ముందు ఒక గరిటె గంజి తీసి ఉంచాలి. సాస్‌లో పాస్తా, ఆ గంజి వేసి నిమిషం కలిపితే సాస్ పట్టుకుంటుంది.

2023 జూలైలో కిలో టమాటా వంద దాటిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. ధర పడిపోయినప్పుడు 3 కిలోలు ఒకేసారి వండి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే 3 నెలలు వాడుకోవచ్చు. మామూలు ఫ్రిజ్‌లో అయితే 3 రోజులే. పచ్చడిలా జాడీలో బయట పెట్టడం మాత్రం ప్రమాదం. పచ్చడికి పట్టే ఉప్పు, నూనె, చింతపండు ఇందులో ఉండవు. పైగా నూనెలో వెల్లుల్లి గాలి తగలకుండా బయటే ఉండిపోతే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బును తెచ్చే విషం తయారయ్యే అవకాశం ఉంది. పాడైనట్టు వాసన కూడా రాకపోవచ్చు.

మిగిలిన రెండు గరిటెల సాస్‌ను మర్నాడు వేడిచేసి జొన్న రొట్టెలోకి వేసుకోవచ్చు. కాస్త కారం చల్లుకుంటే ఇంకా బాగుంటుంది.